పిలుపుకు రెండక్షరాలు: కుక్కల పేర్ల చరిత్ర

కుక్కకు పెట్టే పేరు పొట్టిగా, గొంతెత్తి పిలవడానికి వీలుగా ఉండాలన్న నియమానికి గ్రంథస్థమైన పాత ఆధారాల్లో ముఖ్యమైనది క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందిన గ్రీకు రచన ‘కినెగెటికోస్’. వేటకుక్కలను వెంటబెట్టుకుని వేటాడే విద్య అని ఈ మాటకు అర్థం. దీని కర్తగా సంప్రదాయం చెప్పే జెనోఫన్ ఏథెన్సులో పుట్టి, సోక్రటీసుకు శిష్యుడై, పారశీక సామ్రాజ్యంలో చిక్కుకున్న గ్రీకు కిరాయి సైన్యాన్ని వెనక్కి నడిపించి, స్వదేశం వెలివేసిన తరువాత ఒలింపియా దగ్గరి స్కిల్లూస్‌లో స్థిరపడి, చాలాకాలం వేటలోనూ రచనలోనూ గడిపినవాడు. గ్రంథంలోని 7వ అధ్యాయం కుక్కపిల్లల పెంపకాన్ని వివరిస్తూ, పిలుపుకు సులువుగా ఉండేందుకు పొట్టి పేర్లే పెట్టాలని చెప్పి, ఆ వెంటనే 47 పేర్లను వరసగా ఇస్తుంది.

ఆ పేర్లలో దాదాపు ప్రతి ఒక్కటీ రెండు ఉచ్చారణ విభాగాలది, అంటే తెలుగు లెక్కలో రెండక్షరాలది. ప్సూకే అంటే ప్రాణం, థూమోస్ అంటే పౌరుషం, ఫూలాక్స్ అంటే కావలివాడు, లోంఖే అంటే ఈటె, ఐఖ్మే అంటే ఈటెమొన, హేబే అంటే యౌవనం, ఖారా అంటే సంతోషం, బియా అంటే బలం, ఆక్టిస్ అంటే సూర్యకిరణం, గ్నోమే అంటే వివేచన. ఆయుధాల పేర్లూ, కావలి పనులూ, మనసులోని ఆవేగాలూ, వెలుగుకు సంబంధించిన మాటలూ ఒకే పట్టికలో కలిసి ఉండటాన్ని బట్టి, నాటి వేటగాడు తన కుక్కలో ఏయే గుణాలను కోరుకున్నాడో తెలుస్తుంది. కోపానికి పేరైన ఓర్గే, పొగరుకు పేరైన హూబ్రిస్ కూడా అందులో ఉన్నాయి. మనిషిలో దోషాలుగా గ్రీకులు ఎంచిన ఈ గుణాలు పందిని ఎదిరించే జంతువులో మెచ్చదగినవి అయ్యాయన్నమాట. ఇంత అర్థసంపద ఉన్న పేర్లు ఒక్కటీ నాలుగక్షరాలు దాటకపోవడం యాదృచ్ఛికం కాదు. గ్రీకులు తమ పిల్లలకు పెట్టుకున్న పేర్లలో రెండు మాటలు కలిపిన పొడుగాటి సమాసాలు ఎన్నో ఉన్నాయి. కుక్క దగ్గరికి వచ్చేసరికి వాళ్లే ఆ అలవాటును పక్కన పెట్టారు.

ఇందుకు కారణం వేట జరిగే తీరులో ఉంది. జెనోఫన్ ఎక్కువగా వర్ణించినది కుందేటి వేట. కుందేలు పారిపోయే దారుల్లో వలలు పన్ని, వల దగ్గర ఒక కాపరిని నిలిపి, వేటగాడు కాలినడకన కుక్కలతో పొదల్లోకి వెళతాడు. కుక్కలు వాసన పట్టి, మేత మేసిన చోటునుంచి పడుకున్న చోటుదాకా జాడ తీసి, కుందేటిని లేపిన క్షణం నుంచి అవి మనిషి కంటికి అందవు, గొంతుకు మాత్రమే అందుతాయి. అందుకే 6వ అధ్యాయం, వేటగాడు కుక్కల వెంట పరుగెత్తుతూ, ఒక్కొక్కదాన్నీ దాని పేరుతోనే, హెచ్చుస్థాయిలో ఒకసారి, తగ్గుస్థాయిలో ఒకసారి, మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి, ఎన్ని స్వరాల్లో వీలైతే అన్ని స్వరాల్లో పిలుస్తూ ఉండాలని చెబుతుంది. ఆయాసపడుతూ పరుగెత్తే మనిషి ఒక ఊపిరిలో నాలుగైదు కుక్కలను విడివిడిగా పిలవాలంటే పేరు పొట్టిగా ఉండక తప్పదు. అదే పేరులో మెచ్చుకోలునూ, హెచ్చరికనూ, తొందరనూ వేర్వేరుగా పలికించాలంటే గొంతు ఎక్కడానికో దిగడానికో చోటుండాలి, కాబట్టి అది మరీ ఏకాక్షరమూ కాకూడదు.

జెనోఫన్‌కు రెండు శతాబ్దాల ముందే ఈ అలవాటు ఉన్నట్టు చూపే వస్తువు ఒకటి ఫ్లోరెన్సు పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. ఎర్గోతిమోస్ అనే కుమ్మరి చేసి, క్లెయితియాస్ అనే చిత్రకారుడు బొమ్మలు వేసిన ఆ పెద్ద మట్టి పాత్ర క్రీ.పూ. 570 ప్రాంతానిది, 19వ శతాబ్దిలో దాన్ని వెలికితీసిన వ్యక్తి పేరిట ఫ్రాన్స్వా పాత్ర అని పిలుస్తారు. కాలిడోన్ అడవిపంది వేటను చిత్రించిన వరసలో వీరుల పేర్లతో పాటు కుక్కల పేర్లనూ క్లెయితియాస్ పక్కనే రాశాడు. వాటిలో కోరాక్స్ అంటే కాకి, లాబ్రోస్ అంటే ఉగ్రుడు. పంది కాళ్ల కింద నలిగే జంతువుకు కూడా వీరుడితో సమానంగా నామధేయం దక్కడం గమనించదగిన విషయం. హోమరు కావ్యంలో 20 ఏళ్ల తరువాత మారువేషంలో ఇల్లు చేరిన ఒడిస్యూస్‌ను గుర్తుపట్టిన ముసలి కుక్క ఆర్గోస్ పేరు కూడా రెండక్షరాలదే.

క్రీ.శ. 2వ శతాబ్దిలో ఆరియన్ అనే గ్రీకు రచయిత, రోమన్ సామ్రాజ్యంలో ఉన్నతాధికారిగా పనిచేస్తూనే, జెనోఫన్ మీది అభిమానంతో ఆ పేరునే తనకూ పెట్టుకుని, అదే శీర్షికతో వేట గురించి మరో పుస్తకం రాశాడు. అందులో తాను పెంచిన నీలిబూడిద కళ్ల ఆడకుక్కను వర్ణించిన తీరు ప్రాచీన సాహిత్యంలో అరుదైనది. అది ఎప్పుడూ ఆయనను విడిచి ఉండదనీ, కావలసినవాటిని వేర్వేరు గొంతులతో అడుగుతుందనీ, పిల్లగా ఉన్నప్పుడు కొరడా దెబ్బలు తిన్నందువల్ల ఇప్పటికీ ఎవరైనా కొరడా మాట ఎత్తితే దగ్గరికి వచ్చి ఒదిగి కూర్చుంటుందనీ రాసి, దాని పేరు తరువాతివారికి తెలియాలన్న కోరికతో హోర్మే అని నమోదు చేశాడు. దూకుడు అని అర్థమిచ్చే ఆ పేరు జెనోఫన్ ఇచ్చిన 47 పేర్లలో చివరిది. పాత జాబితాలోని పేరు ఐదు శతాబ్దాల తరువాత ఒక బతికిన కుక్కకు తగిలిందంటే, ఆ జాబితా పుస్తకాల్లోనే మిగిలిపోలేదని అర్థం.

రోమన్లలో ఈ నియమాన్ని మరింత కచ్చితంగా చెప్పినవాడు స్పెయిన్‌లోని కాడిజ్‌లో పుట్టి ఇటలీలో వ్యవసాయం చేసిన కొలుమెల్లా. క్రీ.శ. 1వ శతాబ్దిలో ఆయన రాసిన వ్యవసాయ గ్రంథం 7వ సంపుటం కుక్కల ప్రకరణంలో, త్వరగా వినిపించేందుకు పేరు మరీ పొడుగ్గా ఉండకూడదనీ, అయితే రెండక్షరాలకు తగ్గకూడదనీ కింది హద్దునూ పై హద్దునూ రెండింటినీ నిర్ణయిస్తుంది. ఫెరోక్స్ అంటే ఉగ్రుడు, కెలెర్ అంటే వేగి, లూపా అంటే ఆడతోడేలు, కెర్వా అంటే ఆడలేడి, టిగ్రిస్ అంటే పులి: ఇవి ఆయన ఉదాహరణలు. ఆయన దృష్టి వేట మీద లేదు, పొలం మీద ఉంది. దొంగ భయపడేందుకు ఇంటి కావలికుక్క నల్లగా ఉండాలని, తెల్లవారుజామునా మునిమాపునా తోడేలనుకుని కాపరి తన కుక్కనే కొట్టకుండా ఉండేందుకు మందకుక్క తెల్లగా ఉండాలని చెప్పిన అదే వ్యవహారజ్ఞానం పేర్ల విషయంలోనూ పనిచేసింది. రంగు మసకలో కంటికి ఆనవాలు అయితే, పేరు దూరంలో చెవికి ఆనవాలు.

ఈ సూత్రానికి పూర్తిగా విరుద్ధంగా కనిపించే పేర్లు నినెవేలో దొరికాయి. అసీరియా రాజు అషుర్‌బనిపాల్ రాజప్రాసాదంలో, క్రీ.పూ. 7వ శతాబ్దిలో, గుమ్మం పక్కన పాతిపెట్టిన ఐదు చిన్న మట్టి కుక్కబొమ్మలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కో రంగు వేసి, ఒంటి మీద పేరు గీశారు. శత్రువును పట్టేవాడు, చెడును వెళ్లగొట్టేవాడు, ఎదిరిని కరిచేవాడు, గట్టిగా మొరిగేవాడు అన్నవి నాలుగు పేర్లు. ‘ఆలోచించకు, కరిచెయ్యి’ అని ఆజ్ఞాపించేది ఐదోది. ఇంటిలోకి దుష్టశక్తులు రాకుండా నేలలో కావలి ఉండవలసిన ఈ బొమ్మలను ఎవరూ పొలం మీదనుంచి కేకేసి పిలవనక్కర లేదు, కాబట్టి వాటి పేరు ఒక పూర్తి వాక్యమంత పొడుగు ఉన్నా ఇబ్బంది లేదు. కుక్కను పిలవడానికి పుట్టిన పేరు ఒక జాతి, కుక్క గురించి మనుషులకో దేవతలకో తెలియజెప్పడానికి పుట్టిన పేరు మరో జాతి అన్న భేదం ఇక్కడే స్పష్టమవుతుంది. తరువాతి చరిత్రలో పొడుగు పేరు కనిపించిన చోటల్లా వెతికితే, అది దాదాపు ఎప్పుడూ రెండో జాతికే చెందినదై ఉంటుంది.

పేరు కుక్కతో పాటే ప్రయాణం చేస్తుందనడానికి ఈజిప్టు సాక్ష్యమిస్తుంది. క్రీ.పూ. 2100 ప్రాంతంలో థీబ్స్‌ను ఏలిన రెండో ఇంతెఫ్ సమాధిశిల మీద రాజు కాళ్ల దగ్గర ఆయన కుక్కలు చెక్కి ఉన్నాయి. వాటి పేర్లు ఈజిప్టు భాషవి కావు; పశ్చిమ ఎడారి అవతలి లిబియా జనుల నుంచి కుక్కలతో పాటు వచ్చినవి. అందువల్ల శిల్పి కొన్ని పేర్ల పక్కన అర్థం కూడా చెక్కాడు: బెహ్కాయి అంటే ఒక జాతి జింక, పెహ్తెస్ అంటే నల్లది. రాజు భాష మార్చగలడు గాని, పిల్లప్పటి నుంచి ఒక ధ్వనికి అలవాటుపడిన జంతువు చెవిని మార్చలేడు.

భారతదేశంలో కుక్క పేరు తొలుత దేవలోకంలో వినిపిస్తుంది. ఋగ్వేదంలో ఇంద్రుడి తరఫున దొంగిలించిన ఆవుల జాడ తీసిన సరమ, ఆమె సంతానంగా చెప్పే యముడి రెండు కావలికుక్కలు శ్యామ శబలులు ఇందుకు ఉదాహరణ. నల్లనిదని, మచ్చలదని రంగును బట్టి వచ్చిన పేర్లు అవి. నన్నయ ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో, జనమేజయుడి తమ్ముళ్లు అకారణంగా కొట్టిన తన బిడ్డ తరఫున సరమ రాజునే నిలదీసిన ఘట్టం తెలుగు పాఠకులకు బాగా పరిచితం. అదే భారతం చివర ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్కకు మాత్రం పేరు లేదు. ధర్మదేవత రూపమైన ఆ జంతువును ఎవరూ పిలిచి వెంటబెట్టుకోలేదు, అదే వెంట వచ్చింది.

నిజంగా బతికి, పేరుతో పిలిపించుకుని, పని చేస్తూ చచ్చిన కుక్కల పేర్లు దక్షిణాదిలో వీరగల్లుల మీద దొరుకుతాయి. పోరులో పడిన వీరుడి జ్ఞాపకార్థం నిలిపే రాయిని వీరగల్లు అంటారు. రాయలసీమలో, దానికి ఆనుకున్న కన్నడ, తమిళ ప్రాంతాల్లో పశువుల దోపిడీని అడ్డుకుని చనిపోయినవారికి ఇవి ఎక్కువ. తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లా ఎడుత్తనూరులో, 7వ శతాబ్ది తొలిభాగంలో పల్లవ మహేంద్రవర్మ కాలంలో నిలిపిన రాయి మీద వీరుడి పక్కనే అతడి కుక్క కూడా ఉంది. దాని పేరు కోవివన్ అనీ, దొంగలను కరిచి కావలి నిలిచిందనీ శాసనం చెబుతుంది.

వీటన్నింటిలో అత్యంత విలువైనది కర్ణాటకలోని మండ్య జిల్లా ఆతకూరు శాసనం. క్రీ.శ. 949 ప్రాంతంలో అరక్కోణం దగ్గరి తక్కోలంలో రాష్ట్రకూట మూడో కృష్ణుడి పక్షానికీ చోళులకూ జరిగిన యుద్ధంలో, కృష్ణుడి సామంతుడైన గంగరాజు రెండో బూతుగుడు చోళ యువరాజు రాజాదిత్యుణ్ణి చంపాడు. ఆ యుద్ధంలో బూతుగుడి అనుచరుడు మణలేరుడు చూపిన పరాక్రమానికి మెచ్చి, ఏం కావాలో కోరుకోమని రాజు అన్నాడు. మణలేరుడు ఊరు అడగలేదు, బంగారం అడగలేదు. కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. ఆ తరువాత బేలతూరు గుట్ట దగ్గర ఒక పెద్ద అడవిపంది మీదికి కాళిని వదిలితే, కుక్కా పందీ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. మణలేరుడు ఆతకూరు చల్లేశ్వరాలయం ఎదుట రాయి నిలిపి, దాని పూజకు భూమి ఇచ్చి, ఆ భూమిని అనుభవించే గొరవడు, అంటే శైవ పూజారి, ఈ రాయికి పూజ చేయకుండా అన్నం తింటే కుక్క చేసిన పాపమంతా అతడికే చుట్టుకుంటుందని రాయించాడు. రాయి మీద కుక్కా పందీ ముఖాముఖి తలపడుతున్న బొమ్మ ఉంది. ఇప్పుడది బెంగళూరు ప్రభుత్వ ప్రదర్శనశాలలో ఉంది. చోళ యువరాజు మరణాన్ని నమోదు చేసిన చారిత్రక శాసనమే ఒక కుక్క పేరునూ నమోదు చేసింది. బిరుదులతో పంక్తులు నిండిపోయే ఆ కాలపు శాసనభాషలో కాళి అన్న రెండక్షరాలకు ముందు వెనుకలు ఏమీ లేవు. మణలేరుడు గుట్ట మీద పిలిచిన పిలుపే రాతికెక్కింది.

ఇంగ్లండులో 15వ శతాబ్దికి చెందిన ఒక చేతిరాత ప్రతిలో వేటకుక్కలకు తగిన 1,065 పేర్లు ఉన్నాయి. 1781లో పీటర్ బెక్‌ఫర్డ్ నక్కల వేట గురించి ప్రచురించిన గ్రంథంలోనూ అకారాది క్రమంలో పేర్ల పట్టిక ఉంది. ఒకే కాన్పులోని పిల్లలకు తండ్రి పేరులోని మొదటి అక్షరంతోనో తల్లి పేరులోని మొదటి అక్షరంతోనో మొదలయ్యే పేర్లు పెడితే, యాభై అరవై కుక్కలున్న గుంపులో కూడా వంశం గుర్తుంటుందన్న పద్ధతి ఆ వేటగాళ్లది. ఒక కుక్క పేరుకు అర్థమేమిటని అడిగితే, అసలు ఏ మాటకైనా అర్థమేముందని దాని సంరక్షకుడు తిరిగి అడిగిన సంగతి బెక్‌ఫర్డ్ చెబుతాడు. ఆ పనివాడు పుస్తకాల మనిషి కాకపోయినా విషయం బాగా ఎరిగినవాడు; పేరు కుక్కకు ధ్వని మాత్రమే.

పొడుగు పేర్ల యుగం 19వ శతాబ్దిలో పోటీ ప్రదర్శనలతో వచ్చింది. 1859లో న్యూకాజిల్‌లో మొదలైన కుక్కల ప్రదర్శనలు పెరిగేకొద్దీ, స్పాట్, బాబ్, జెట్ వంటి పేర్లున్న కుక్కలు పదుల సంఖ్యలో పోటీకి వచ్చి, బహుమతి ఏ బాబ్‌కు దక్కిందో తేల్చడం కష్టమైంది. 1873లో లండన్‌లో ఏర్పడిన కెనెల్ క్లబ్, తొలి వంశావళి గ్రంథంలో 4,027 కుక్కల వివరాలు అచ్చువేసి, 1880లో పేర్ల నమోదును ప్రవేశపెట్టింది. దానితో పెంపకందారు తన స్థావరం పేరును కుక్క పేరుకు తగిలించడం ఆనవాయితీ అయింది. 1907లో న్యూయార్క్ వెస్ట్‌మినిస్టర్ ప్రదర్శనలో మొట్టమొదటి సర్వశ్రేష్ఠ బహుమతి పొందిన ‘వారెన్ రెమెడీ’ పేరులో వారెన్ అన్నది పెంపక స్థావరానిది. నేటి వంశపత్రాల్లో మూడు నాలుగు మాటల పేర్లు మామూలు. వాటి పక్కనే ప్రతి కుక్కకూ ఇంట్లో పిలిచే పొట్టి పేరు వేరుగా ఉంటుంది. నినెవే మట్టిబొమ్మకూ ఆతకూరు కాళికీ ఉన్న తేడా ఒకే జంతువు మీద రెండు పేర్లుగా నిలిచిపోయింది.

తెలుగు ప్రాంతానికి ఈ ఆంగ్ల పేర్లు దొరల బంగళాల నుంచి, కంటోన్మెంట్ల నుంచి, రైల్వే కాలనీల నుంచి పాకాయి. టామీ, జిమ్మీ, టైగర్, రోజీ, జూలీ అన్నవి జాతికుక్కలతో పాటు వచ్చి, ఊరకుక్కలకు కూడా స్థిరపడ్డాయి. అంతకుముందు పల్లెల్లో నల్లోడు, ఎర్రోడు వంటి రంగు పేర్లూ, రాజు, మోతీ వంటివీ ఉండేవి. కొల్లేటి ప్రాంతంలో బాతుల మందలను కాచే జోనంగి కుక్కలనూ, కర్నూలు జిల్లా పందికోన కుక్కలనూ పెంచేవారికి పేరు పిలుపు కోసమే. పరాయి పేర్లు ఇంత తేలిగ్గా నాటుకోవడానికి రెండు కారణాలు చెప్పుకోవచ్చు. దేవుడి పేరు, పెద్దల పేరు కుక్కకు పెట్టి కసురుకోవడం తెలుగు ఇళ్లలో తప్పుగా భావిస్తారు, పక్కింటి మనిషి పేరు పెడితే తగవే. ఎవరిదీ కాని టామీతో ఆ చిక్కు లేదు. రెండోది భాషకు సంబంధించింది. తెలుగు పేరు అచ్చుతో ముగిసి, పిలిచేటప్పుడు ఆ అచ్చు సాగుతుంది. రాజు ‘రాజూ’ అవుతుంది. టామీ, జిమ్మీ, జూలీ అప్పటికే దీర్ఘంతో ముగిసినవి కావడంతో ఏ మార్పూ లేకుండా ఇమిడిపోయాయి, హల్లుతో ముగిసే టైగర్‌ను పల్లెటూళ్లలో ‘టైగరూ’ అని సాగదీసి సరిచేసుకున్నారు.

ఇరవయ్యో శతాబ్దిలో ప్రపంచమంతా ఎరిగిన కుక్కల పేర్లు కూడా ఈ కొలతకే ఒదిగాయి. తెలుగు నాటక పద్యాలూ కీర్తనలూ అచ్చయిన గ్రామఫోను రికార్డుల నడుమ, గొట్టానికి చెవి ఒగ్గి కూర్చున్న కుక్క పేరు నిప్పర్. 1884లో బ్రిస్టల్‌లో పుట్టి, వచ్చినవారి పిక్కలు పట్టే అలవాటు వల్ల ఆ పేరు పొందింది. 1957 నవంబరు 3న స్పుత్నిక్-2లో అంతరిక్షంలోకి వెళ్లిన కుక్కను తొలుత ఉంగరాల జుట్టుదని అర్థం వచ్చే కుద్ర్యావ్కా అనేవారు. వార్తల్లో నిలిచింది మాత్రం లైకా.

వినికిడి శాస్త్రం ఈ పాత అనుభవాన్ని ఇటీవల పరీక్షకు పెట్టింది. 2019లో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, చుట్టూ మనుషుల మాటల రొద వినిపిస్తూ, మధ్యలో కుక్క పేరునూ, అదే ఉచ్చారణ తూకం ఉన్న వేరే పేర్లనూ పలికించి చూశారు. రొద పేరు వినిపించినంత గట్టిగా ఉన్నప్పుడు కూడా కుక్కలు తమ పేరును గుర్తించాయి. రొద దాన్ని మించినప్పుడు గుర్తించలేకపోయాయి. శిక్షకులు క, ట, ప వంటి స్పర్శధ్వనులతో మొదలై, అచ్చుతో తేలే పేరును కోరడం, ‘సిట్’, ‘నో’ వంటి ఆజ్ఞలతో పోలిక ఉన్న పేరును వద్దనడం ఈ ఫలితానికి దగ్గరగానే ఉన్నాయి.

పోలీసు జాగిలాల దళాల్లో, విపత్తు సహాయ దళాల్లో ఈ నియమం నేటికీ పనిముట్టులా వాడుకలో ఉంది. 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో భూకంపం వచ్చినప్పుడు భారత జాతీయ విపత్తు స్పందన దళం పంపిన ఆరు కుక్కల పేర్లు జూలీ, రోమియో, రాంబో, హనీ, రాక్సీ, బాబ్. తెలుగు లెక్కలో వీటిలో మూడక్షరాలకు మించినది ఒక్కటీ లేదు. నూర్దాయి పట్టణంలో కూలిన భవనం శిథిలాల దగ్గర మొదట జూలీ మొరిగింది, నిర్ధారణ కోసం తరువాత పంపిన రోమియో అదే చోట ఆగి మొరిగింది, అక్కడ తవ్విన దళం ఆరేళ్ల బాలికను ప్రాణాలతో బయటికి తీసింది.